తొలేళ్ల రాత్రి ఎనిమిదో రీలు

విజయనగరం

బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు హైదరాబాదులో సినిమా ఎడిటింగుకి అసిస్టెంటుగా చేరుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. ముందు గుండె గుభేలుమంది. తర్వాత లేచి మంచినీళ్లు తాగి, నిద్రపోతున్న మీ పెద్దమ్మని లేపి మరీ చెప్పాను. అన్నేళ్లు హాల్లో ఆపరేటరుగా చేసినవాణ్ని, మనింట్లో ఇంకొకరు సినిమా ముట్టుకుంటున్నారంటే ఊరుకోగలనా?

హాస్టల్‌కి అడ్వాన్సు కట్టే ముందు కుళాయి తిప్పి చూడు. జీతం ఏ తేదీన ఇస్తారో మొహమాటపడకుండా అడుగు. ఇవి నీకు తెలియనివి కావు.

నేను చెప్పాలనుకున్నది వేరు. మొన్న మీ అన్నయ్య మమ్మల్ని ఆ పెద్ద సినిమాకి తీసుకెళ్లాడు. బొమ్మ మాత్రం, అబ్బో! సముద్రం లేచి ఆకాశంలో నిలబడితే ఒక్కో చుక్కా లెక్కపెట్టుకోవచ్చు. మా రోజుల్లో ప్రొజెక్టరులో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు అరిగి కాస్త ఎడం పెరిగితే చాలు, తెరంతా పసుపెక్కిపోయేది. కానీ ఆ కథేమిటే తల్లీ! వెయ్యేళ్లు వెనక్కి, మళ్లీ ముందుకి, మధ్యలో ఇంకో లోకం. ఇంటర్వెల్లో మీ పెద్దమ్మ సమోసా చేతిలో పట్టుకుని, "ఆ తెల్లగుర్రం ఎవరిదండీ?" అనడిగింది. నాకు తెలిస్తే కదా. మీ అన్నయ్య నవ్వేసి, "నీకు అర్థం కాదులేమ్మా" అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. సమోసా సగంలోనే పక్కన పెట్టేసింది.

అప్పుడు నాకు 1984 గుర్తొచ్చింది. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

ఆ రోజు మన పైడితల్లమ్మ పండగ తొలేళ్లు. మర్నాడు సిరిమాను. చుట్టుపక్కల పల్లెల జనమంతా ఊళ్లోనే ఉన్నారు, తెల్లారేదాకా ఆటలు వేయమన్నారు. నాకు అంతకుముందు రాత్రి కూడా నిద్రలేదు. రీలు 1000 అడుగులు, 11 నిమిషాల్లో అయిపోతుంది. ఒక మిషను మీద ఆడుతుండగానే రెండోదాని మీద తర్వాతది ఎక్కించి, తెర పైన కుడిమూల చుక్క పడగానే మార్చాలి. రివైండు చేసి డబ్బాల్లో పెట్టేటప్పుడు కళ్లు మూసుకుపోయి ఎనిమిదోదీ తొమ్మిదోదీ తారుమారు చేశాను.

ఇంకేముంది, కొడుకు తల్లి ఫోటోకి దండ వేసి ఏడ్చాడు, విలన్ని చితక్కొట్టాడు. ఆ వెంటనే అదే తల్లి పీట వాల్చి వాడికి అన్నం వడ్డిస్తోంది! నాకు చెమటలు పట్టాయి. జనం మాత్రం ఫైటుకి వేసిన ఈలల్లోనే ఉన్నారు. మేనేజరు పైకొచ్చి, "ఎవడూ అడగలేదు కదా, కానివ్వు" అన్నాడు.

అడిగింది ఒక్కరే. ఆట వదిలాక మా మెట్ల కింద ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నేల టిక్కెట్టు మనిషి, కొంగున అటుకుల మూట. "బాబూ, ఆ తల్లి సచ్చిపోనాదా, బతికే ఉందా? నేనేటైనా కునుకు తీసీసినానేటో" అంది. తప్పు నాదని చెబితే ఉద్యోగం పోతుందని భయం. "అవునమ్మా, నిద్రపోయినట్టున్నావు" అన్నాను. "ముసిల్దాన్నయిపోనాను బాబూ" అని నవ్వుకుంటూ గుడివైపు వెళ్లిపోయింది.

రీళ్లు మార్చింది నిద్రమత్తులో. ఆ మాటన్నది మాత్రం మెలకువగానే.

అందుకే, మీ అమ్మ తిండి గురించి చెబుతుంది గానీ నేను నిద్ర గురించి చెబుతున్నా. రిలీజు ముందు రాత్రిళ్లు కూర్చోమంటారు, తెలుసు. అయినా కళ్లు మండుతుంటే పనిలో చెయ్యి పెట్టకు. గంటసేపు బల్లమీదైనా పడుకో. నవ్వితే నవ్వనీ. ఇంకోటి. ఒక సీను నువ్వు వందసార్లు చూస్తావు, నీకన్నీ తెలిసినట్టే ఉంటుంది. చూసేవాళ్లు చూసేది ఒక్కసారే. టీ తెచ్చే కుర్రాణ్ని కూర్చోబెట్టి చూపించు. "ఈడెవుడక్కా?" అని వాడడిగితే విసుక్కోకు, ఏ చోట అడిగాడో రాసిపెట్టుకో. మీ ఎడిటరు పెద్దాయనకి చెప్పడానికి భయం వేస్తుంది. మెల్లగానైనా చెప్పు. నాలా నోరు మూసుకోకు తల్లీ.

రైలెక్కే ముందు ఒకసారి ఇంటికి రా. మీ పెద్దమ్మ పలాస జీడిపప్పు తెప్పించి డబ్బాలో పోసి ఉంచింది. ఆ సినిమా నువ్వూ చూశావట కదా. తెల్లగుర్రం ఎవరిదో నీకు తెలిస్తే, మీ అన్నయ్య లేనప్పుడు ఆవిడకి కాస్త చెప్పు.

మీ పెదనాన్న