చేతి వణుకు పార్కిన్సన్సేనా? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబుతున్నారు

మీ నాన్నగారి కుడిచేతి వణుకును ఒక డాక్టరు పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) అన్నారని, మరొకరు ఎసెన్షియల్ ట్రెమర్ (పార్కిన్సన్స్ కాని, వణుకే ప్రధానమైన జబ్బు) అన్నారని రాశారు. ఈసారి వెళ్ళేటప్పుడు ఆయన వేసుకునే మాత్రలన్నీ, గ్యాస్ మాత్రతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి. ఇది మా అమ్మ విషయంలో ఆలస్యంగా నేర్చుకున్నాను.

అప్పుడు అమ్మకు 64 ఏళ్ళు. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లోనే ఉండేది. నడక మందగించింది, ముగ్గు గీతలు వంకర పోయేవి. మొదట చూసిన డాక్టరు ఐదు నిమిషాల్లో పార్కిన్సన్స్ అని తేల్చి, దానికి ఇచ్చే లెవోడోపా మందు రాశారు. మూడు నెలలు వాడినా గుణం కనిపించలేదు. తరవాత బెంగళూరులోనే మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. అక్కడి న్యూరాలజిస్టు అమ్మ చేతులు ఒడిలో పెట్టించి వందలోంచి ఏడేసి తీసివేయమన్నారు. మనసు లెక్క మీద ఉంటే దాగిన వణుకు బయటపడుతుందట. చేతులు చాపించారు, సుడి గీయించారు, వరండాలో నడిపించారు. చివరికి, "కడుపుకు ఏమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగారు. అమ్మ చేతిసంచిలోంచి స్ట్రిప్ తీసింది. పాంటోప్రజోల్ అనే గ్యాస్ మందుతో కలిపిన లెవోసల్పిరైడ్. పాత చీటీతోనే ఏడాదిగా నేనే కొనితెచ్చిన మందు! ఆ లెవోసల్పిరైడ్ మెదడులో కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే తెస్తుంది. ఆపించాక నాలుగు నెలలకు అమ్మ మళ్ళీ చుక్కల ముగ్గు వేసింది.

పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా ఒక పక్కన, చేయి ఊరకే ఉన్నప్పుడు మొదలవుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ పని చేసేటప్పుడు, ఎక్కువగా రెండు చేతుల్లో కనిపిస్తుంది. కానీ పార్కిన్సన్స్ ఉన్నవారికి చేతులు చాచిన కొన్ని క్షణాలకు వణుకు రావచ్చు, ఏళ్ళ తరబడి ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవారికి ఊరకే కూర్చున్నా రావచ్చు. డాక్టర్లు విభేదించేది ఇక్కడే. వణుకు ఒక్కటే చూసి పార్కిన్సన్స్ అనకూడదు, కదలికల్లో మందకొడితనం ఉండాలి. థైరాయిడ్ ఎక్కువైనా, వాల్‌ప్రోయేట్ (మూర్ఛ మందు), సాల్బుటమాల్ (ఆస్తమా మందు) వాడినా చేతులు వణుకుతాయి. ఎమ్మారై రెండు జబ్బుల్లోనూ మామూలుగానే ఉండవచ్చు. మెదడులో డోపమైన్ కణాల స్థితిని చూపించే ట్రోడాట్ స్కాన్ ఈ రెంటినీ వేరు చేయడానికి పనికొస్తుంది, కానీ అమ్మలాంటి వారికి అసలు కావలసింది మందుల చీటీ చదవడం.

డాక్టరును అడగకుండా ఏ మాత్రా ఆపకండి. నాన్నగారు టీవీ చూస్తున్నప్పుడు, కాఫీ తాగుతున్నప్పుడు, సంతకం పెడుతున్నప్పుడు ఫోనులో వీడియో తీసి చూపించండి. పార్కిన్సన్స్ జాడల కోసం ఇవీ చూడండి: నడిచేటప్పుడు ఆ కుడిచేయి మామూలుగా ముందుకూ వెనక్కూ ఊగుతోందా? అక్షరాలు చిన్నవవుతున్నాయా? వాసన తెలుస్తోందా? ఇవి గమనించి ఇక్కడ రాయండి, డాక్టరును ఏమి అడగాలో కలిసి ఆలోచిద్దాం.