నీ వినతిపత్రం చదివాను

విజయవాడ,
30 ఆగస్టు 2025

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వినతిపత్రం రెండుసార్లు చదివాను. పదమూడు డిమాండ్లు పెట్టారు. గాజాలో కాల్పుల విరమణ మొదటిది, జర్నలిస్టుల రక్షణ పన్నెండోది. మధ్యలో సామ్రాజ్యవాదం, ఆయుధాల వ్యాపారం, పర్యావరణం కూడా ఉన్నాయి. 26 ఏళ్ళు డెస్కులో కూర్చున్న చెయ్యి కదా, ఊరుకోలేక పదకొండు కొట్టేశాను. కోప్పడకు.

మిగిలిన రెండూ పక్కపక్కనే ఉండాలి. ఈ ఏడాది జనవరి 19న మొదలైన విరమణ మార్చి 18 తెల్లవారుజామున బాంబులతో ముగిసింది. ఆ రాత్రి ఏం జరిగిందో మనం చూడగలిగింది అక్కడి విలేకరుల వల్లే. యుద్ధం మొదలైనప్పటి నుంచి బయటి దేశాల విలేకరులను ఇజ్రాయెల్ సొంతంగా లోపలికి వెళ్ళనివ్వట్లేదు. సైన్యం వెంటబెట్టుకెళ్ళి చూపించినంతే చూడాలి. ఇక మిగిలింది గాజాలో పుట్టి పెరిగినవాళ్ళు, చాలామంది మన మండల కంట్రిబ్యూటర్లలాగా ఉద్యోగ భద్రత లేనివాళ్ళు. వాళ్ళూ పోతే రేపు విరమణ వచ్చినా, దాన్ని ఎవరు ముందు కాలరాశారో చెప్పే దిక్కుండదు. ఈ మాట మొదటి పేరాలోనే రాయి.

'ఐదుగురు జర్నలిస్టులు మృతి చెందారు' అన్నావు. జ్వరమొచ్చి పోయినవాళ్ళకైనా ఇదే మాట వాడతాం. ఏం జరిగిందో రాయి. ఆగస్టు 25న ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆసుపత్రి పై అంతస్తులో, బయటి మెట్ల దగ్గర, హుస్సామ్ అల్ మస్రీ రాయిటర్స్ వార్తాసంస్థకి లైవ్ ఇస్తున్నాడు. ఇజ్రాయెల్ దాడి తగిలిన క్షణంలో ఆ లైవ్ ఆగిపోయింది. ఏమైందోనని తోటి విలేకరులు, సహాయ సిబ్బంది ఆ మెట్ల మీదికి చేరారు. కాసేపటికి అక్కడే రెండో దెబ్బ. చనిపోయిన ఐదుగురిలో ఏపీకి పనిచేసే మరియం అబూ దగ్గా ఉంది. (ఏపీ అని వదిలేయకు, మనవాళ్ళు ఆంధ్రప్రదేశ్ అనుకుంటారు. అసోసియేటెడ్ ప్రెస్ అని పూర్తిగా రాయి.) ఆమె కొడుకు అంతకుముందే గాజా దాటి బయటపడ్డాడు.

ఇజ్రాయెల్ చెప్పినదీ రాయి. నెతన్యాహు దాన్ని విషాదకరమైన ప్రమాదమన్నాడు. మర్నాడు సైన్యం, అక్కడ హమాస్ కెమెరా ఉందనుకున్నామంది. ఆగస్టు 10న అల్ షిఫా ఆసుపత్రి దగ్గరి గుడారంలో అల్ జజీరా టీవీ విలేకరి అనస్ అల్ షరీఫ్‌ను చంపినప్పుడు అతను హమాస్ మనిషేనంది, అల్ జజీరా కాదంది. ఇవి నువ్వు రాయకపోతే కాగితం అందుకున్నవాడు అవే అడుగుతాడు. చనిపోయిన జర్నలిస్టుల పేర్ల జాబితాలో యానివ్ జోహర్ కూడా ఉండాలి. ఇజ్రాయెల్ ఫొటోగ్రాఫర్. 2023 అక్టోబరు 7న గాజా సరిహద్దు పక్కనున్న నహల్ ఓజ్‌లో భార్య, ఇద్దరు కూతుళ్ళతో పాటు హమాస్ దాడిలో చనిపోయాడు. మీ వాళ్ళెవరైనా ఆ పేరు వద్దంటే, ఆ మీటింగుకి నన్ను పిలవకు. బందీల విడుదల కూడా విరమణ డిమాండులో భాగంగానే రాయి.

పేర్ల గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఒకప్పుడు నేనే తప్పు చేశాను. 2003 ఏప్రిల్ 8న బాగ్దాద్‌లో పాలస్తీన్ హోటల్‌ మీద అమెరికా ట్యాంకు కాల్చింది. ఆ హోటల్ నిండా విలేకరులే. ఏజెన్సీ కాపీ నా చేతికొచ్చింది. చివరి నిమిషంలో యాడ్ పడింది, చోటు లేదు. 'ఇద్దరు కెమెరామెన్ మృతి' అని సింగిల్ కాలమ్‌లో ఐదు లైన్లు వేసి పేజీ వదిలేశాను. తారాస్ ప్రొత్స్యూక్, హోసే కౌసో. రెండు పేర్లకి ఒక లైను చాలు. ఆ లైను నాకు దొరకలేదు.

చట్టం సంగతి. 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ 79వ అధికరణం జర్నలిస్టులను పౌరులుగా చూడాలంటుంది. కానీ దాని మీదే ఆధారపడకు, ఇజ్రాయెల్ అందులో చేరలేదు, మన దేశమూ చేరలేదు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి యుద్ధాల్లో జర్నలిస్టుల రక్షణ కోసం 2006లో చేసిన 1738 తీర్మానం ముందు పెట్టు. చనిపోయినవాళ్ళ లెక్క ఒక్కో సంస్థది ఒక్కోలా ఉంటుంది. ఒకదాన్నే పట్టుకుని, సంస్థ పేరు, తేదీ వేయి.

'ప్రపంచ దేశాలు స్పందించాలి' కొట్టేశాను. ప్రపంచ దేశాలకి పిన్‌కోడ్ లేదమ్మా. విదేశాంగ మంత్రికి, మీ ఎంపీకి రాయి. ఐరాస సర్వసభ్య సభలో 2023 డిసెంబరు 12న కాల్పుల విరమణకి భారత్ అనుకూలంగా ఓటేసింది. ఈ జూన్ 12న 149 దేశాలు అవునంటే మనం తటస్థంగా ఉన్నాం. ఈసారి ఓటు వెయ్యమను. మన విలేకరులతో సహా బయటివాళ్ళని గాజాలోకి రానివ్వమని ఇజ్రాయెల్‌ని అడగమను. ఆ సీట్లో కూర్చున్నవాడు చేయగలిగిన పనులివి.

మనకెందుకని ఎవరో ఒకరు అంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళి ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళకి సేవ చేస్తున్న మనవాళ్ళున్నారని చెప్పు. సైరన్ మోగితే వాళ్ళూ షెల్టర్‌లోకి పరుగెత్తాల్సిందే. అఫ్గానిస్థాన్‌లో 2021లో చనిపోయిన ఫొటో జర్నలిస్టు డానిష్ సిద్దిఖీ మనవాడేనని కూడా చెప్పు.

మీరు పెట్టే సభ సంగతి. హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్‌కి పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకో, ఫోన్లో సరేనంటే నమ్మకు. వానల్లో కొవ్వొత్తులు నిలవవు, సెల్‌ఫోన్ లైట్లు చాలు. ఉపన్యాసాలు ఎవరూ వినరు. ఒక్కొక్కరు ఒక పేరు, ఊరు, తేదీ చదివి మైకు పక్కవాళ్ళకివ్వండి.

ఫ్లెక్సీ షాపులో అరబిక్ పేర్లు చిత్తుచిత్తు చేస్తారు. ప్రింటుకి ముందు ప్రూఫ్ ఫోటో తీసి నాకు పంపు. రాత్రి పదకొండైనా సరే, మేలుకునే ఉంటాను.

మామయ్య