సికిల్ సెల్ మందుల ఖర్చు గురించి

అన్నా, బాబుకి సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) అని తేలిందని, దానికి వాడే హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్స్ కొనలేక ఈ నెల ఆపేశానని పాడేరు నుంచి రాశారు కదా. ముందు ఒక్క మాట: దయచేసి ఆపకండి. మా చెల్లికి ఇలాగే డబ్బుల్లేక మధ్యలో మానేస్తే, చలికాలంలో నొప్పులొచ్చి రాత్రంతా మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రి ఇంకా మర్చిపోలేను.

ఈ మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఇదీ భాగమే. జబ్బును నిర్ధారించిన హెచ్‌పీఎల్‌సీ రక్త పరీక్ష రిపోర్టు, ఆధార్ తీసుకుని మీ పీహెచ్‌సీకి వెళ్లి బాబు పేరు నమోదు చేయించండి. స్టాక్ లేదంటే ఊరికే తిరిగి రావద్దు, జిల్లా ఆసుపత్రికి రాసిమ్మని డాక్టర్‌నే అడగండి. ఈలోగా జనఔషధి షాపులో జెనరిక్ దొరుకుతుందేమో చూడండి, చాలా తేడా పడుతుంది. రక్త పరీక్ష కూడా ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేయించండి. రక్తకణాలు తగ్గుతున్నాయేమో చూసుకుంటూ వాడాల్సిన మందు ఇది.

ఇంకోటి, మన ఆంధ్రప్రదేశ్‌లో సికిల్ సెల్ ఉన్నవాళ్లకి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఇది చాలామందికి తెలియదన్నా! గ్రామ సచివాలయంలో అడగండి. మా నాన్న అన్ని కాగితాలూ రెండేసి జిరాక్సులు తీయించి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునేవాడు, మీరూ అలాగే చేయండి. వికలాంగుల చట్టం 2016 కింద ఈ జబ్బుకీ సర్టిఫికెట్ ఇస్తారు, దానికీ అప్లై చేయండి.

పీహెచ్‌సీలో ఏమన్నారో ఇక్కడ రాయండి.