ఉద్యోగం లేదు, కోర్టు డిక్రీ వచ్చింది. జైల్లో పెడతారా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఈ జవాబు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైందట. ఊళ్లో ఒకాయన దగ్గర నోటు రాసి తెచ్చిన రెండున్నర లక్షలకి దావా పడింది. సమన్లు తీసుకోలేదు, వాయిదాలకి వెళ్లలేదు. మూడు వారాల కిందట ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆయన రాకుండానే అవతలివాళ్ల మాట మీద ఇచ్చేసిన తీర్పు, అయిందని నిన్ననే తెలిసింది. మధ్యలో కట్టిన వడ్డీ ఏదీ లెక్కలో చూపించలేదు. జైల్లో పెడతారా, ఇంట్లో సామాను పట్టుకుపోతారా, నోటు మీద సాక్షి సంతకం పెట్టిన బావమరిదిని కూడా లాగుతారా అని అడిగారు.

మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు రేపు పొద్దున్నే కోర్టుకి వెళ్లండి. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేసి తన మాట కూడా వినమని అడగడానికి ప్రతివాదికి 30 రోజుల గడువు ఉంటుంది. సమన్లు అసలు అందనివాళ్లకి ఆ గడువు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. మీరు కావాలనే తీసుకోలేదు కాబట్టి అందినట్టే లెక్క, డిక్రీ తేదీ నుంచే లెక్కపెట్టుకోవాలి. అంటే మీ చేతిలో తొమ్మిది పది రోజులకు మించి లేవు. వాయిదాలకి ఎందుకు రాలేకపోయారో ఉన్నదున్నట్టు చెప్పాలి. కొంత సొమ్ము డిపాజిట్ చెయ్యమని కోర్టు అడగొచ్చు కూడా. అయినా మీ విషయంలో ఈ పిటిషన్ వెయ్యడమే మేలు, ఎందుకంటే మీరు కట్టిన వడ్డీ గురించి చెప్పుకోవడానికి అదే అసలైన చోటు. డిక్రీ అమలు చేసే కోర్టు, అంటే ఈపీ (డిక్రీని అమలు చెయ్యమని వేసే పిటిషన్) నడిచే కోర్టు, డిక్రీలో రాసిన అంకెను తిరగదోడదు. ‘అంతకుముందే ఇంత ఇచ్చానండీ’ అని అక్కడ ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఇది నేను 70 వేలు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

నాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లు సూపర్‌వైజరుగా చేశాను. 2018లో మా ఆవిడ ఆపరేషన్ కోసం రెండు లక్షలు, రెండు రూపాయల వడ్డీకి, నోటు రాసి తెచ్చాను. 2020 లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూశారు. మళ్లీ తెరిచినప్పుడు సగం మందినే పిలిచారు, అందులో నేను లేను. అప్పటిదాకా వడ్డీ కింద 70 వేల దాకా ఇచ్చాను. ఎక్కువ భాగం చేతికే ఇచ్చాను. నోటు వెనక ఒక్క చెల్లు కూడా, అంటే ఇంత ముట్టిందన్న రాత, వేయించుకోలేదు. ఊళ్లో పెద్దమనిషి, ఆపదలో అడగ్గానే డబ్బు తీసిచ్చినాయన, చెల్లు వెయ్యమంటే నా మీద నమ్మకం లేదా అనుకుంటాడేమోనని మొహమాటపడ్డాను.

2021లో సమన్లు ఇవ్వడానికి కోర్టు అమీనా వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. వెనక గదిలో మంచం మీద కూర్చుని, లేడని చెప్పమని మా ఆవిడకి సైగ చేశాను. ఆయన ఏ గొడవా చెయ్యలేదు. రెండోసారి వచ్చినప్పుడు కాగితం తలుపుకి అంటించి, పక్కింటాయనతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఆ కాగితం పైకి చదివింది. నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు. లోపల నుంచి విన్నాను. అప్పుడైనా లేచి ఒంగోలు వెళ్లాల్సింది. కాగితం ఊడదీసి బీరువా మీద పడేశాను. ఏడు నెలల తర్వాత తెలిసేసరికి అసలు, వడ్డీ, ఖర్చులు కలిపి మూడున్నర లక్షల పైచిలుకుకి డిక్రీ అయిపోయింది. 30 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అందుకే మిమ్మల్ని ఇంత తొందర పెడుతున్నాను.

ఇక జైలు సంగతి. ఆ మాట వింటే నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, మీ టెన్షన్ నాకు తెలుసు. అప్పు డిక్రీ ఉన్నంత మాత్రాన జైల్లో పెట్టరు. అరెస్టు కోరుతూ ఈపీ వేస్తే ముందు మీకు నోటీసు వస్తుంది, ఎందుకు అరెస్టు చెయ్యకూడదో వచ్చి చెప్పమని. కట్టే స్తోమత ఉండి కూడా కట్టడం లేదని, లేదా దావా పడ్డాక ఆస్తి దాచేశారని, డబ్బు రావాల్సినాయన చూపించాలి. చేతగాక కట్టలేనివాడిని జైలుకి పంపకూడదని 1980లో కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆ తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. ఆడవాళ్లని డబ్బు డిక్రీ మీద అరెస్టే చెయ్యకూడదు. ఒకవేళ పంపినా సివిల్ జైల్లో మూడు నెలలకు మించి ఉంచడానికి లేదు. ఇవన్నీ మీకు అండగా ఉన్నాయి. కానీ నోటీసు వచ్చాక మీరు వెళ్లకపోతే మీ స్తోమత గురించి మీ తరఫున చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. వారెంటు అలాగే వస్తుంది.

నాకు 2022లో ఆ నోటీసు వచ్చింది. మళ్లీ పారిపోయాను. మార్కాపురంలో మా బావగారింట్లో పది రోజులు ఉన్నాను. ఎనిమిదో రోజు మా ఆవిడ ఫోన్ చేసి, ‘మీరు రాకపోతే నేనే వెళ్లి జడ్జిగారికి చెప్పుకుంటాను’ అంది. తిరిగొచ్చి జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లాను. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి అక్కడ ప్లీడర్ని ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండానే ఇస్తారు. మీకు నెల్లూరు దాకా వెళ్లే వీలు లేకపోతే 15100 నంబరుకి ఫోన్ చేసి అడగండి.

నాకిచ్చిన ప్లీడరు చిన్న కుర్రాడు. మొదటి రోజే ఒక ఖాకీ కవరు ఇచ్చి, ‘అంకుల్, మీకు డబ్బు లేదని మీ నోటితో కాదు, కాగితంతో చెప్పాలి’ అన్నాడు. బ్యాంకు పాస్‌బుక్కు రెండేళ్లది, రేషన్ కార్డు, ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన ఆఖరి జీతం చీటీ, పీఎఫ్ తీసుకున్న కాగితం, బండి అమ్మినప్పుడు రాసుకున్న రసీదు, మా ఆవిడ మందుల బిల్లులు అన్నీ అందులో పెట్టాను. విచారణ రోజు అటెండరు నా పేరు పిలిచినప్పుడు కాళ్లు ఆడలేదు. బోనెక్కాక అవతలి ప్లీడరు, అమ్మాయి ప్రైవేటు కాలేజీలో చదువుతోంది కదా, ఫీజు ఎవరు కడుతున్నారు అని అడిగాడు. మా బావగారు కడుతున్నారని చెప్పాను. మీకు బండి ఉంది కదా అన్నాడు. 28 వేలకి అమ్మానని రసీదు చూపించాను. ఆ 28 వేలు ఏం చేశారన్నాడు. మందుల బిల్లులు తీసిచ్చాను. జడ్జిగారు వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూశారు. తర్వాతి వాయిదాకి అరెస్టు ఈపీ కొట్టేశారు. అప్పు మాత్రం అలాగే ఉంది.

సామాను విషయంలో కూడా చట్టం హద్దు గీసింది. మీకు, మీ భార్యాపిల్లలకి కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు జప్తు చెయ్యడానికి లేదు. మంగళసూత్రం లాంటివి, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడనివి, ముట్టుకోరు. చేతిపని చేసుకునేవాళ్ల పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనాలు, పీఎఫ్ డబ్బు, ఇవీ అంతే. రేపు మీకు ఉద్యోగం వచ్చినా జీతం మొత్తం పట్టుకోలేరు. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు మీవే. 16 వేల జీతమైతే 11 వేలు మీకు మిగలాలి, 5 వేలకు మించి కోసుకోవడానికి లేదు. బైకు, టీవీ, బ్యాంకులో డబ్బు, మీ పేరున ఉన్న స్థలం మాత్రం జప్తుకి వస్తాయి.

ఆ స్థలం మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. ‘భార్య పేరున రాసెయ్యి, ఎవడేం చేస్తాడు’ అని మీకు సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. నాకూ ఇచ్చారు. దయచేసి ఆ పని చెయ్యకండి. దావా పడ్డాక ఆస్తి మార్చేస్తే ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించొచ్చు. పైగా అరెస్టు చెయ్యడానికి చట్టం చెప్పే కారణాల్లో అదొకటి. చేతులారా జైలు దారి వేసుకున్నట్టే.

మీ బావమరిది సాక్షిగా మాత్రమే సంతకం పెట్టి ఉంటే ఆయనకి ఏ బాధ్యతా లేదు. జామీను ఉంటానని రాసి సంతకం పెట్టినా, మీతో కలిసి నోటు రాసినా ఆయన కూడా మీతో సమానంగా బాకీదారే. డిక్రీ కాపీలో ప్రతివాదులుగా ఎవరి పేర్లున్నాయో చూస్తే తేలిపోతుంది. మీ ఆవిడ సంతకం పెట్టకపోతే ఆమె మీదికి రాలేరు. నోటుతో పాటు ఖాళీ చెక్కులు కూడా ఇచ్చారా? చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, అరెస్టు, జైలు గురించి ఇప్పటిదాకా చెప్పిన రక్షణలు దానికి వర్తించవు. చెక్ బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల్లో డబ్బు కట్టాలి, లేకపోతే కేసు వేస్తారు. కట్టలేకపోయినా ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా ప్లీడరు దగ్గరికి పరుగెత్తండి.

నా అప్పు చివరికి లోక్ అదాలత్‌లో తెగింది. అరెస్టు ఈపీ పోయాక అప్పిచ్చినాయన కూడా మెత్తబడ్డాడు. అప్పటికి నాకు రొయ్యల ప్లాంటులో స్టోర్‌కీపరు పని దొరికింది. ఫోన్‌పేలో పంపిన వడ్డీ మూడు సార్లది చూపించగలిగాను, 24 వేలు. చేతికిచ్చిన మిగతా డబ్బు ఆయనకి గుర్తే లేదన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మొత్తం రెండున్నర లక్షలకి ఒప్పుకున్నాం. ముందు 50 వేలు, తర్వాత నెలకి 5 వేల చొప్పున 40 నెలలు. ఇప్పటికి సగం పైనే కట్టేశాను. లోక్ అదాలత్ ఇచ్చే ఆ అవార్డు, అంటే రాజీ తీర్పు, మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రతి వాక్యం చదివించుకోండి. ఒక్క వాయిదా తప్పితే పూర్తి డిక్రీ సొమ్ము కట్టాలని రాసుకొచ్చారు. మా ప్లీడరు పట్టుబట్టి, రెండు నెలలు వరసగా తప్పితేనే అని మార్పించాడు. ఒక నెల జీతం ఆలస్యమైనప్పుడు ఆ మార్పే నన్ను కాపాడింది.

డిక్రీ తర్వాత అప్పిచ్చినాయన ఇంటికొచ్చి అడిగినా చేతికి నోట్లు ఇవ్వకండి. కోర్టులో కట్టండి, లేదా బ్యాంకు ద్వారా పంపండి. బయట ఇచ్చినది కోర్టు రికార్డుకి ఎక్కాలి, ఎక్కకపోతే ఈపీలో దాన్ని లెక్కలోకే తీసుకోరు. ఆయన చెప్పకపోతే మీరే 30 రోజుల్లోపు పిటిషన్ పెట్టి ఎక్కించుకోవాలి. నేను ప్రతి నెలా 5వ తారీఖున బ్యాంకులో వేసి, చలానా జిరాక్స్ ఆ ఖాకీ కవర్లోనే పెడుతున్నాను.

అప్పులు ఇంకా చాలా చోట్ల ఉంటే ఐపీ, అంటే దివాలా పిటిషన్, గురించి ప్లీడర్ని అడగండి. నాకు ఒక్కటే బాకీ కాబట్టి ఆ దారి పట్టలేదు.

రేపు వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, మీ ఫోన్‌లో వడ్డీ పంపిన రికార్డు ప్రింటు, ఉద్యోగం పోయినట్టు ఉన్న ఏ కాగితమైనా పట్టుకెళ్లండి. దావా నంబరు తెలియకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని మీ పేరుతో వెతికితే డిక్రీ తేదీతో సహా దొరుకుతుంది. ఆ తేదీ చూశాక ఇక్కడ రాయండి, ఎన్ని రోజులున్నాయో కలిసి లెక్కపెడదాం.