ఆఫ్రికా పూసలా? రంగు వదిలేసి బెజ్జం చూడండి

ఘానాలో కొన్న పాత పూసల దండ ఏ దేశపుదో, అది గాజో రాయో ఎలా తెలుస్తుందని అడిగారు. అక్రాలో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను, పూసల పిచ్చి అక్కడే పట్టుకుంది. నా లెక్కలో రంగు ఎందుకూ పనికిరాదు. బెజ్జమే ఎక్కువ చెబుతుంది.

ఘానాలోని కొఫొరిదువా ఊళ్లో గురువారం పూసల సంత. అక్కడ ఒక పెద్దావిడ బల్ల మీద గుప్పెడు పూసలు పోసి, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూస్తూ వేరు చేసింది. బరకగా, మెరుపు లేకుండా ఉన్నవి ఘానాలోని క్రోబో తెగవాళ్లవి. వాళ్లు సీసాలు దంచి, ఆ పొడిని మట్టి అచ్చులో పోసి, నడుమ కర్రపెండలం ఆకు కాడ నిలబెట్టి కాలుస్తారు. కాడ కాలిపోయిన చోట బెజ్జం మిగులుతుంది. బెజ్జం చుట్టూ దారం చుట్టినట్టు గీతలుంటే, కరిగిన గాజును తీగకు చుట్టి చేసినవి. పూల బొమ్మల వెనిస్ పూసలు ఈ రకమే. పక్కన సన్నటి అతుకు కనిపిస్తే బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశంలో, అచ్చొత్తినవి. చూస్తుండగానే యూరప్ కుప్ప పెద్దదైంది, స్థానికం కుప్ప చిన్నదైంది! అయినా అన్నిటికీ ‘ఆఫ్రికా పూసలు’ అనే చీటీ తగిలించి, నాలుగు వందల ఏళ్ల నాటివని ఆన్‌లైన్‌లో అమ్మేస్తారు.

ఎర్రటి రాతిపూసలదీ అదే కథ. అవి గుజరాత్‌లోని ఖంభాత్‌వి కావచ్చు, పంతొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికా కోసమే జర్మనీలోని ఇడార్-ఓబర్‌స్టైన్‌లో కోసినవీ కావచ్చు. ‘అంబర్’ (శిలగా మారిన చెట్టు జిగురు) అనే పసుపు ముద్దల్లో చాలావరకు పాతకాలపు ప్లాస్టిక్. చిక్కటి ఉప్పునీళ్లలో వేయండి, మునిగితే అంబర్ కాదు. వీడియోలు చూసి ఎర్రగా కాల్చిన సూది మాత్రం గుచ్చకండి. పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ముందు పూస పాడవుతుంది.

బెజ్జం వెంట బుడగలు పొడవుగా సాగి ఉంటే, గాజును గొట్టంగా లాగి ముక్కలు చేసిన పూస అది. వెనిస్‌లోనూ అలా చేశారు, కానీ దక్షిణ భారతం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చేసింది. దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వే తవ్వకాల్లో దక్షిణాసియా గాజు పూసలు బయటపడ్డాయి. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట ఆ లాగుడు పనికే పేరుపడ్డ ఊరు. వెనిస్ పూసలంటే కళ్లింతలు చేసుకునే మా బంధువులు ఏటా తిరుపతి వెళ్తారు, ఆ ఊరి పేరు ఒక్కరికీ తెలియదు.