రెండు గొట్టాల మోటారుకు ఒక్క గొట్టం

ప్రశ్న: మేం మిన్నెసోటాలో ఉంటాం. 1956 నాటి జాన్సన్ 15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక తగిలించేది) చవగ్గా దొరికింది. స్పార్క్ బాగుంది, కంప్రెషన్ ఉంది. దాంతో వచ్చిన ప్రెజర్ టాంకుకు రెండు గొట్టాలు కలిసిన పైపు ఉంది, అది బీటలు వారింది. మామూలు ఒంటి గొట్టం టాంకుకు మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోవచ్చు. ఆ రెండో గొట్టం ఎందుకుందో అర్థమైతే పని సగం అయినట్టే. ఆ రోజుల జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు పెట్రోలు పంపు లేదు. క్రాంక్ కేసులో (పిస్టన్ల కింద ఉండే మూసిన గదిలో) పుట్టే గాలి ఒత్తిడి ఆ రెండో గొట్టం గుండా టాంకులోకి వెళ్లి, పెట్రోలును మొదటి గొట్టంలోంచి కార్బురేటర్‌కు నెట్టేది. అంటే ఇన్ని లీటర్ల పెట్రోలు పడవలో ఒత్తిడి మీద కూర్చుని ఉంటుంది. బీటలు వారిన పైపుతో ఒక్కసారి కూడా నడపకండి. ఆ టాంకు మూత తీయాల్సి వస్తే ముందు గాలి వదలండి.

కొనాల్సినవి: మికునీ రకం చిన్న పల్స్ పంపు (మూడు నోళ్లుంటాయి: పల్స్, పెట్రోలు లోపలికి, పెట్రోలు బయటికి), పావు అంగుళం పెట్రోలు పైపు, క్లిప్పులు, ప్రైమర్ బల్బు (చేత్తో నొక్కి పెట్రోలు పంపే రబ్బరు బుడ్డి) ఉన్న ఒంటి పైపు, గాలి రంధ్రం ఉన్న మూతతో టాంకు, మ్యానిఫోల్డ్ (కార్బురేటర్‌ను ఇంజనుకు కలిపే భాగం) గాస్కెట్లు.

ఈ పంపుకు కరెంటు అక్కర్లేదు. పిస్టన్ కిందికి దిగితే క్రాంక్ కేసు నెడుతుంది, పైకి వెళ్తే లాగుతుంది. ఆ నెట్టుడు, లాగుడుకే పంపులోని డయాఫ్రం (సాగే పలుచని పొర) ఆడుతుంది. అసలు చిక్కు ఇక్కడే. పాత గాలి గొట్టంలో చెక్ వాల్వులున్నాయి, అవి నెట్టుడును మాత్రమే బయటికి వదులుతాయి. వాటిని ఉంచి పంపు తగిలిస్తే డయాఫ్రం ఒకవైపు ఉబ్బి అలాగే ఉండిపోతుంది. కాబట్టి కార్బురేటర్, దాని వెనక మ్యానిఫోల్డ్ విప్పి, గాలి గొట్టం వెంబడి వెనక్కి వెళ్లి ఆ వాల్వులు తీసేయండి. మోడల్‌ను బట్టి చోటు కాస్త మారుతుంది.

వాల్వులు తీశాక రెండు సన్నని దారులు కనిపిస్తాయి, సిలిండర్‌కు ఒకటి. వీటిలో ఒకదాన్ని మూసేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. రెండు పిస్టన్లు ఎదురెదురు దిశల్లో నడుస్తాయి, ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతుంటుంది. రెండూ ఒకే గొట్టంలో కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని పంపుకు ఏమీ మిగలదు. మూయడానికి మర కోసి చిన్న ప్లగ్ బిగించి, థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయండి. వట్టి ఎపాక్సీ ముద్ద ఊడి క్రాంక్ కేసులో పడితే ఇంజనుకే ముప్పు. తర్వాత పాత గాలి గొట్టం తగిలించే నిపుల్‌లో నోటితో ఊదండి: ఒక్క రంధ్రంలోంచే గాలి రావాలి.

ఆ నిపుల్ నుంచి పంపుకు వెళ్లే పల్స్ పైపు జానెడుకు మించకూడదు, గట్టి గోడది కావాలి. మెత్తని పారదర్శక పైపు వేస్తే ప్రతి దెబ్బకూ ఉబ్బి బలమంతా అదే మింగేస్తుంది. పంపును పల్స్ నోటికంటే ఎత్తులో బిగించండి, లేకపోతే ఆయిల్ కలిసిన పెట్రోలు పైపులో చేరి నిలుస్తుంది. బల్బు మీది బాణం మోటారు వైపు ఉండాలి.

పరీక్షించడానికి స్పార్క్ ప్లగ్గులు విప్పి, వాటి వైర్లను ఇంజనుకు ఎర్త్ చేయండి. పంపు బయటి నోటికి పైపు పెట్టి సీసాలోకి వదిలి తాడు లాగండి. ప్రతి లాగుడుకూ పెట్రోలు చిమ్మాలి. బిగించాక బల్బు నొక్కితే గట్టిపడి అలాగే ఉండాలి. మెత్తబడుతూ కార్బురేటర్ నోట్లోంచి పెట్రోలు కారుతుంటే తప్పు పంపుది కాదు, ఫ్లోట్ సూదిది (కార్బురేటర్ నిండగానే పెట్రోలును ఆపేది).

పది నిమిషాలు నడిచి ఆగిందా? బల్బు చూడండి. అప్పడంలా అతుక్కుపోయి ఉంటే టాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుంది. ఒక్క సిలిండర్ మాత్రమే పొగలు కక్కుతూ దాని స్పార్క్ ప్లగ్ తడుస్తుంటే పల్స్ పైపు లాగి చూడండి. పచ్చి పెట్రోలు కారితే డయాఫ్రం చిరిగినట్టే.

మ్యూజియం పీసులా ఉంచుకోవాలంటే మాత్రం విప్పిన భాగాలన్నీ డబ్బాలో దాచండి. పాత మోటార్లు సేకరించేవాళ్లు అసలు భాగాలు లేకపోతే ధర తగ్గిస్తారు.

ప్రశ్న: ఇలాంటి మోటారుకే ఆయిల్ ఎంత కలపాలి? కొత్తవాటికి 50:1 అంటున్నారు.

జవాబు: 24:1, అంటే 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. ఆరు గ్యాలన్లకు ఒక క్వార్ట్, లేదా పది లీటర్లకు 417 మి.లీ. బుష్ బేరింగులకు ఆ పొర కావాలి, 50:1 వేస్తే అరిగిపోతాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యు3 (నీటితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్ గుర్తు) అని చూసి కొనండి. బైకులకు వాడే 2టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లది, ఇందులో వద్దు.

ప్రశ్న: కార్బురేటర్ శుభ్రం చేసినా పొంగిపొర్లుతోంది. సూది కూడా మార్చాను.

జవాబు: ఫ్లోట్ (సూదిని ఎత్తే తేలుడు ముక్క) బెండుదా? దాని మీది పాత లక్క పూతను ఇప్పటి పెట్రోలులోని ఇథనాల్ కరిగిస్తుంది, బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది. రెండు రోజులు ఆరనిచ్చి, సన్నని సూపర్ గ్లూ రెండు పూతలు వేయండి. తర్వాత పెట్రోలు గిన్నెలో వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి తేలుతూ ఉంటే బిగించండి, మునిగితే కొత్తది కొనండి.