సెన్సర్ కన్నా ముందు పొగ దారి చూడు

అమ్మలూ,

బండ్ల పొగ కొలిచే చేతి పరికరం చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషమేసింది. కానీ కార్బన్ మోనాక్సైడ్ పట్టే ఎంక్యూ-7 సెన్సర్ కొనేశావట, అక్కడే ఆగు తల్లీ. దాని పరిధి 2000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 2000 పాళ్లు) వరకే. మన దగ్గర బీఎస్-4 అనే పొగ ప్రమాణం కింద వచ్చిన పెట్రోల్ కారు ఐడ్లింగ్‌లో, అంటే కదలకుండా ఇంజిన్ ఆడుతూ ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌కి హద్దు 0.3 శాతం, అంటే 3000 పీపీఎం. హద్దు దాటిందో లేదో చెప్పాల్సిన చోటికి రాకముందే నీ సెన్సర్ చేతులెత్తేస్తుంది. అది గదిలో గ్యాస్ పట్టడానికి పనికొస్తుంది, సైలెన్సర్‌కి కాదు. ఎన్‌డీఐఆర్ రకం వెతుకు, పరారుణ కాంతిని వాయువు ఎంత మింగిందో చూసి లెక్క చెబుతుంది. ఖరీదే, నాన్నని అడగడానికి మొహమాటమైతే నన్నడుగు.

అయితే సెన్సర్ మంచిదైనంత మాత్రాన సరిపోదు. శ్రీకాకుళంలో నేను పొగ మెషీన్లు రిపేర్ చేసే రోజుల్లో ఒక వానాకాలం వచ్చిన ప్రతి కారూ పాసైపోయింది. అందరం మెషీన్ బాగా పనిచేస్తోందనుకున్నాం. నాలుగు రోజులయ్యాక రబ్బరు పైపుని వేళ్ల మధ్య వంచి చూస్తే మెటల్ గొట్టానికి తగిలించే చోట వెంట్రుకంత పగులు, పంపు అక్కణ్ణుంచి బయటి గాలి లాగుతోంది! స్క్రీన్ మీద కార్బన్ డయాక్సైడ్ 7 శాతం అని కనపడుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. పెట్రోల్ సరిగ్గా మండితే అది 14, 15 దగ్గర ఉండాలి. 7 ఉందంటే సగం గాలే, విషమూ సగమే చూపిస్తుంది. ఆ నాలుగు రోజుల్లో పంపేసిన బండ్లు ఇప్పటికీ గుర్తొస్తాయి. అందుకే నీ పరికరంలో కార్బన్ డయాక్సైడ్ తప్పకుండా పెట్టు, తక్కువొస్తే రీడింగ్ ఇవ్వకుండా ఆపేసేలా ప్రోగ్రాం రాయి. గొట్టం సైలెన్సర్‌లోకి కనీసం అడుగు లోపలికి వెళ్లాలి, బైకుకి కుదరకపోతే చివర ఇంకో పైపు తగిలించు.

ఇంకోటి నీళ్లు. లీటరు పెట్రోల్ మండితే దగ్గర దగ్గర లీటరు నీళ్లు ఆవిరిగా వస్తాయి, పైపులో చల్లబడగానే చుక్కలు కడతాయి, సెన్సర్‌ని పాడుచేస్తాయి. మన సముద్రపు తేమ దానికి తోడు. సెన్సర్‌కి ముందు నీళ్లు పట్టే చిన్న సీసా, ఆ తర్వాత ఫిల్టర్, రోజూ సీసా వంపెయ్యి.

డీజిల్‌కి ఆ చవక లేజర్ ధూళి సెన్సర్ వద్దు. 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్న కణాలు దానికి కనపడవు, డీజిల్ మసిలో ఎక్కువ భాగం అంతకన్నా సన్నం.

నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవాలంటే బండి బరువు మోస్తూ నడవాలి, నిలబెట్టి చూస్తే అసలు సంగతి తెలీదు. 2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు మెషీన్‌ని కారులోనే పెట్టుకుని రోడ్డు మీద తిరిగారు కాబట్టే పరీక్షలో తక్కువ, రోడ్డు మీద ఎక్కువ వదిలే ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ బండ్ల గుట్టు బయటపడింది. సాలూరు ఘాట్ ఎక్కే లారీ వెనక నువ్వూ ఎప్పుడో పోయే ఉంటావు, ఆ పొగ ఏ పొగ పరీక్ష సెంటర్‌లోనూ కనపడదు. చేతిలో పట్టే పరికరం విలువ అక్కడే ఉంది.

ఎలక్ట్రోకెమికల్ సెల్ (రసాయన చర్యతో వాయువుని కొలిచే సెన్సర్) వాడితే రోజులు గడిచేకొద్దీ రీడింగ్ జారుతుంది, కొలత తెలిసిన గ్యాస్ సిలిండర్‌తో సరిచూసుకుంటూ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. పరీక్షలు మాత్రం ఆరుబయటే చెయ్యి, షెడ్డు షట్టర్ దించి ఇంజిన్ ఆన్ చేయకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదమ్మా.

ఆదివారం విజయనగరం రా. నా పాత స్కూటర్ పావుగంట తిప్పి వేడెక్కించి ఉంచుతాను, చల్లటి ఇంజిన్ మీద కొలవొద్దు. వచ్చేటప్పుడు నీ రబ్బరు పైపు కూడా తీసుకురా, ముందు దాన్నే చూద్దాం.

మీ పెదనాన్న